ఐదో అంతస్తు వాళ్ళ మూటలు

మా మెట్లవరసలో, అంటే ఒకే మెట్లు ఎక్కి దిగే ఇళ్ళలో, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో రెండో అంతస్తులో ఉండే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి రొట్టెల దుకాణంలో నిలబడి ఊరందరి మాటలూ విన్న చెవులివి, ఇంట్లో కూర్చున్నా ఊరుకోవు. అలాంటి నాకు కూడా ఈ ఆదివారం జరగబోయేది తెలియలేదు. తెలిసుంటే నోరు మూసుకునేదాన్ని కదా!

పొద్దున లేచేసరికి గదిని వెచ్చబెట్టే రేడియేటర్ చల్లగా ఉంది. బయట సున్నాకి ముప్పై డిగ్రీల కింద. మా ఇళ్ళలో నేలమాళిగ నుంచి ఐదో అంతస్తు దాకా పెద్ద గదుల మీదుగా ఒకటే నిలువు గొట్టం. వేడినీళ్ళు అందులోంచి అందరిళ్ళూ తిరిగి మళ్ళీ కిందికి దిగాలి. ఒకరింట్లో ఆగితే అందరింట్లో ఆగినట్టే. కోటు తొడుక్కుని, తలకి శాలువా చుట్టుకుని మెట్ల మీదికి వచ్చాను. అప్పటికే జనం పోగయ్యారు. అందరి నోళ్ళలోంచీ ఆవిర్లు, ఆవిర్లతో పాటు తిట్లు.

నాలుగో అంతస్తు ఒరజ్‌గలీ గారు అందరికంటే ముందున్నారు. బొగ్గు లారీలు తోలి రిటైరైన మనిషి, మా మెట్లవరసకి పెద్ద. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఆయన గొంతే ఎన్నుకుంది. బల్బు మాడినా, ఎవరి కుక్క మెట్లు పాడుచేసినా పంచాయతీ ఆయనదే. మంచివాడే. మా ఆయన పోయినప్పుడు గోరీల దిబ్బ దాకా పాడె వదలకుండా నడిచారు. అందుకే ఇదంతా చెబుతుంటే నోరు చేదుగా ఉంది.

"గాలి పట్టుంటుంది. గాలి ఎక్కడ పడుతుంది? పైన. పైనెవరున్నారు? పదండి!" అన్నారు.

పైనున్నది బెదెల్, వాడి పెళ్ళాం ఇంకార్. మంగోలియా నుంచి తిరిగొచ్చిన మన కజాకులే. చలికి ముందు అద్దెకి దిగారు. వాళ్ళ పాపకి ఇంకా నలభై రోజులు వెళ్ళలేదు. నలభై వెళ్ళని బిడ్డ ఉన్న ఇంటికి మామూలుగా అయితే ఎవరూ తొంగి కూడా చూడరు. మేం గుంపుగా, బూట్లయినా విప్పకుండా పోయాం.

గది మధ్యలో ఊయల, దాని మీద దుప్పటి మీద దుప్పటి. కరెంటు పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, ఆ ఆవిరైనా పిల్లకి తగులుతుందని. రేడియేటర్ కింద సగం నిండిన బేసిను, అందులో తుప్పు నీళ్ళు. ఒరజ్‌గలీ గారు ఆ బేసిన్ని బూటు కొనతో తట్టారు.

"ఇదిగో, దొరికారు! గొట్టంలో వేడినీళ్ళు పట్టుకుని పిల్లకి స్నానాలు చేయిస్తున్నారు. మీరు జలకాలాడితే కింద మేం చావాలా?"

"లేదు తాతా," అన్నాడు బెదెల్. "తెల్లారుజామున గుడగుడమని చప్పుడైంది. అలా అయితే మర తిప్పి గాలి వదలమని వచ్చిన కొత్తలో మీరే చెప్పారుగా. అందుకే తిప్పాను. అప్పటికే నీళ్ళు చల్లగా వచ్చాయి తాతా."

"విన్నారా? తిప్పానని వాడే ఒప్పుకుంటున్నాడు!"

అప్పుడు నేనన్న మాట చెప్పాలి. "గుడారంలో పిడకల పొయ్యి రాజేసుకున్నవాళ్ళకి గొట్టాల సంగతేం తెలుస్తుందిలే," అన్నాను. అందరూ నవ్వారు. నవ్వినందుకు నాకు సంతోషం కూడా వేసింది.

ఇంకార్ తలెత్తలేదు. "కూర్చోండి, టీ కలుపుతాను," అని గిన్నెలు తీసింది. ఎవరూ కూర్చోలేదు. బల్ల మీద రొట్టె ఉంది. గుమ్మం తొక్కినవాళ్ళు ఎంత కోపంలో ఉన్నా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకోకుండా పోకూడదు, పగవాడి ఇల్లయినా సరే. మేం ఆ రొట్టె వైపు చూడనైనా చూడలేదు.

ఒరజ్‌గలీ గారు అక్కడే నిలబడి ఇంటి యజమానురాలికి ఫోన్ కొట్టారు. ఆవిడ ఊరికి ఆ చివర ఉంటుంది. "నాకీ గొడవలొద్దండీ. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నానని చెప్పండి," అనేసింది. ఆ మాట గదిలో అందరికీ వినిపించింది. బెదెల్‌కి ఉన్న ఒక్క అన్న ఎక్కడో పల్లెలో ఉంటాడు, బస్సులో సగం రోజు ప్రయాణం. ఆ చలిలో, ఆ బస్సులో, ఆ పసిగుడ్డుతో పోవాలి. ఇది అందరికీ తోచింది. అయినా మెల్లగా మెట్లు దిగి ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం.

ఆ గుంపులో వెనకాల, గుమ్మం బయటే ఆగిపోయిన మనిషి ఒకరున్నారు. ఒరజ్‌గలీ గారి కోడలు రౌషన్. మొగుడు గనిలో పనికని నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఇల్లంతా ఆమె చేతి మీదే. మా కోడళ్ళు మామగారి పేరు పలకరు, ఆయన మాటకి ఎదురు చెప్పరు. రౌషన్ అయితే ఇంకా ఒకాకు ఎక్కువే చదివింది. మామ పేరులోని ఒరజ్ అంటే మాలో ఉపవాసం, అందుకే ఉపవాసాల నెలని కూడా "ఆ మంచి నెల" అనే అంటుంది. మేం ఏడిపించినా నవ్వి ఊరుకుంటుంది తప్ప అనదు.

ఆ రోజు ఆమె మనసులో ఏముందో సాయంత్రం మా వంటింట్లో కూర్చుని చెప్పింది. కానీ మీకు ఇక్కడే చెబుతాను.

పోయిన వేసవిలో ఒరజ్‌గలీ గారు బాల్కనీకి అద్దాలు బిగించి, పెద్ద గదిలోని రేడియేటర్ ఊడదీయించి అక్కడ పెట్టించుకున్నారు. సోఫా, టీవీ కూడా అక్కడికే చేరాయి. రేడియేటర్ మూసినా నీళ్ళు పక్కనుంచి పోవడానికి ఒక పొట్టి గొట్టం ఉంటుంది. అడ్డంగా ఉంది, సోఫా పట్టదని దాన్ని తీయించేశారు. ఇక ఆ రేడియేటర్ కుళాయి మూస్తే అందరిళ్ళకీ మూసినట్టే. ఆదివారానికి రెండు రోజుల ముందు, చలికాలమంతా తినడానికని గుర్రాన్ని కోశారు. మాకందరికీ చలికాలంలో బాల్కనీయే ఫ్రిజ్. తాత ముత్తాతల అలవాటు కొద్దీ ఆయన కూడా తొడలు, పక్కటెముకలు, కూరిన పేగులు అన్నీ బాల్కనీలోనే పరిచారు. అక్కడ తానే పెట్టించిన రేడియేటర్ సంగతి మరిచారు. శనివారం సాయంత్రానికి మాంసం నీళ్ళు కారడం మొదలైంది. తిట్టుకుంటూ రేడియేటర్ కుళాయి బిగదీసి, కిటికీలు బార్లా తెరిచి, తలుపుకి కంబళి వేలాడదీశారు. "రేపటిదాకా ఉండనీ, మాంసం గడ్డకట్టాక మూద్దాం," అన్నారు. రౌషన్ పక్కనే ఉండి కంబళి అందించింది.

మాంసంతో పాటు రేడియేటర్ కూడా గడ్డకట్టింది.

పొద్దున పైకి ఎక్కినప్పుడు ఆయనకి అది తోచలేదనే నేననుకుంటాను. కుళాయి మూస్తే తన ఒక్క ఇల్లే చల్లబడుతుందని అనుకుని ఉంటారు. కానీ పైనుంచి దిగి ఇంటికి వచ్చాక ఆయన బాల్కనీ తలుపు తీశారు. రౌషన్ చూస్తూనే ఉంది. రేడియేటర్ మీద చెయ్యి పెట్టారు. పగిలిన చోట మంచు ఉబ్బి ఉంది. బయటికి వచ్చి, తలుపు మూసి, కంబళి సరిచేశారు. వెనక్కి తిరిగితే కోడలు.

"టీ పెట్టమ్మా," అన్నారు.

పెట్టింది. టోపీ పెట్టుకుని పైకి వెళ్తారని ఆమె కాచుకుంది. ఆయన రెండో గిన్నె అడిగారు. పైన మూటలు ఈడుస్తున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం దాటాక ప్లంబర్ స్లావా వచ్చాడు. నేలమాళిగలోకి దిగి, పైకి వచ్చి, స్పానర్‌తో గొట్టాన్ని కొట్టుకుంటూ అరిచాడు. "కింద బ్రహ్మాండంగా ఉంది! ఎవరింట్లోనో నీళ్ళు ఆగిపోయాయి. ఎవరేం మూశారు? ఎవరేం పీకారు? చెప్పండయ్యా, లేకపోతే అయిదిళ్ళూ పగలగొట్టుకుంటూ పోవాలి."

"చెప్పాం కదా, పైవాళ్ళని," అన్నారు ఒరజ్‌గలీ గారు. ఆ గొంతులో పొద్దుటి బలం లేదు. నేను ఆ తేడా విన్నాను, జలుబు చేసిందేమో అనుకున్నాను.

అప్పుడే బెదెల్ ఆఖరి మూటా, ఊయలా కింద వీధి తలుపు దగ్గర దించి, ఇంకార్ కోసం మళ్ళీ పైకి వస్తున్నాడు. ఇంకార్ పాపని పొట్టకి కట్టుకుని, పైనుంచి కోటు బొత్తాలు పెట్టుకుని దిగుతోంది. మేం గోడకి ఒదిగి దారి ఇచ్చాం. అందరం నేల వైపే చూస్తున్నాం. నాలుగో అంతస్తు దగ్గర రౌషన్ దారికి అడ్డంగా నిలబడింది.

"స్లావా," అంది. "మా ఇంట్లో చూడు. బాల్కనీలో. ఒరజ్‌గలీ రాత్రి కుళాయి మూశాడు."

ఆయన పేరు. ఆ నోట్లోంచి. గారు లేదు, మావయ్య లేదు. స్పానర్ చప్పుడు ఆగిపోయింది.

అందరికంటే ముందు కదిలింది ఇంకార్. తలకున్న శాలువా మొహం మీదికి లాక్కుంది, తానేదో చూడకూడనిది చూసినట్టు.

"అయ్యో వదినా," అంది. "మావయ్యగారి పేరు... నలుగురిలో... మేమెలాగూ పోతున్నాంగా వదినా, మాకోసం అంత మాట ఎందుకన్నావ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోంచి గెంటేయించుకున్న పిల్ల, గెంటినవాళ్ళ పరువు కోసం సిగ్గుపడుతోంది. నేను పొద్దున నవ్వించిన నవ్వు నా చెవుల్లోనే మోగింది.

ఒరజ్‌గలీ గారు అరుస్తారనుకున్నాం. అరవలేదు. వెళ్ళి తలుపు తెరిచి, కంబళి తన చేత్తోనే తీశారు. స్లావా లోపలికి తొంగిచూసి, "ఓరి దేవుడా! గుర్రం హాయిగా పడుకుంది, మనుషులు గడ్డకట్టారు," అని నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. పగిలిన రేడియేటర్ కోసి తీసి, గొట్టానికి గొట్టం అతికించేసరికి చీకటి పడింది. అప్పటిదాకా బెదెల్ వాళ్ళు ఎక్కడున్నారంటారా? మా ఇంట్లో, నా పొయ్యి దగ్గర. బతిమాలితే వచ్చారు. రొట్టె, వెన్న పెట్టాను. ఇద్దరూ ఒక్కో ముక్క తుంచి తిన్నారు, మర్యాద తప్పకుండా.

పాప నిద్రపోయాక బెదెల్, ఇంకార్ పైగదిలో చలి తగ్గిందేమో చూసొస్తామని వెళ్ళారు. అప్పుడు రౌషన్ వచ్చి వంటింట్లో కూలబడింది. పై సంగతులన్నీ చెప్పి ఏడ్చింది.

"ఇక ఆ ఇంట్లో తలెత్తుకుని ఎలా తిరగను పిన్నీ?"

"తల దించుకోవాల్సింది నువ్వా?" అన్నాను.

"ఆయన దించుకుని కూర్చున్నాక నేనెలా ఎత్తుకుంటాను పిన్నీ? పొద్దున్నే చెప్పుంటే ఆయనకీ ఇంత అయ్యేది కాదు, వాళ్ళకీ అయ్యేది కాదు."

గురివింద గింజ సామెత గుర్తొచ్చింది, కానీ ఎవరి మీద వాడాలో తెలియక మింగేశాను.

యజమానురాలికి ఒరజ్‌గలీ గారే ఫోన్ చేశారు. మెట్ల మీద, అందరి ముందూ. "తప్పు నాది. వాళ్ళది కాదు. నేనే చేసి వాళ్ళ మీద వేశాను," అన్నారు. ఆవిడకి ఏదీ పట్టలేదు. "సర్లెండి, ఉంటే ఉండమనండి," అని పెట్టేసింది.

గొట్టంలో నీళ్ళు అప్పటికే గలగలా ఎక్కుతున్నాయి. ఇక మిగిలింది మూటలు. వీధి తలుపు దగ్గర మంచు దుమ్ము కొట్టుకుని పడున్నాయి. అందరం ఒక చెయ్యి వేద్దామని దిగాం. ఒరజ్‌గలీ గారు అందరికంటే ముందే దిగి అన్నిటికంటే పెద్ద మూట ఎత్తారు.

బెదెల్ వచ్చి దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకున్నాడు. "వద్దు తాతా. పెద్దవారు."

ఆయన ఇంకోటి అందుకున్నారు. దాన్నీ తీసుకున్నాడు. పెద్దవాళ్ళ చేతిలో బరువు ఉండనివ్వకపోవడం మా దగ్గర చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. బెదెల్ ఎక్కడా గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. ఆయన ఏది ముట్టుకుంటే అది తీసుకుని ఐదో అంతస్తుకి మోసుకెళ్ళాడు, మళ్ళీ దిగాడు. మా చేతుల్లోంచి కూడా అలాగే తీసుకున్నాడు.

చివరికి ఊయల మిగిలింది. ఒరజ్‌గలీ గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. "ఇదొక్కటైనా మొయ్యనీ అమ్మా," అన్నారు. ఆ గొంతు అంత చిన్నదవుతుందని నాకు తెలియదు.

"ఉండనివ్వండి తాతా," అంది ఇంకార్. "మేం తెచ్చుకుంటాం."

మెత్తగానే అంది. ఆయన వదిలేశారు. పాపని మళ్ళీ పొట్టకి కట్టుకున్న ఇంకార్, బెదెల్ చెరోవైపు పట్టుకుని ఊయల ఎత్తారు. మేమంతా ఖాళీ చేతులతో గోడకి ఒదిగాం. నా ముందు నుంచి వెళ్తూ ఇంకార్ తల వంచి, "శుభరాత్రి పిన్నీ," అంది.

నేనూ ఏదో అన్నాను. బయటికి వినిపించిందో లేదో తెలియదు.