డేగిసా కాపలా

"డేగిసా జాగ్రత్త, కుక్కలొస్తాయి."

సముద్రం దగ్గరికి వెళ్లినప్పుడల్లా మా ఆయన గౌస్ బాషా కారు దిగుతూనే నాతో అనే మొదటి మాట ఇది. ఆ తర్వాత ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత పట్టుకుని, తమ్ముళ్లతో కలిసి ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి దిగిపోయేవాడు. నేను ఇవతల సరుగుడు చెట్ల కింద చాప పరిచి, బిర్యానీ డేగిసా పక్కన అత్తమ్మతో కలిసి కూర్చునేదాన్ని. దిబ్బ అవతల అలల చప్పుడు, పిల్లల కేకలు వినబడుతూ ఉండేవి. నేను సముద్రాన్ని చెవులతోనే ఎరుగుదును.

మాది చిలకలూరిపేట పక్కన పల్లె. మిరపకాయలు గుంటూరు యార్డుకు వెళ్లిపోయాక, ఎండలు ముదరకముందే, ఏటా ఒకరోజు చీరాల అవతల ఈ తీరానికి రావడం మా అత్తింటి ఆనవాయితీ. పెళ్లయిన ఏడు కడుపుతో ఉన్నానని, ఇసుకలో జారతావని కూర్చోబెట్టారు. మరుసటి ఏడు షమీమ్ నా ఒళ్లో నిద్రపోయింది. పిల్లని లేపితే ఏడుస్తుందని మళ్లీ కూర్చోబెట్టారు. ఆ పై ఏడు ఎలాగైనా వెళ్దామని లేచి నాలుగు అడుగులు వేశానో లేదో, నిజంగానే రెండు కుక్కలొచ్చి మూత పడదోశాయి. అంతే, కాపలా నాకు ఖాయమైపోయింది. ఆ కుక్కలు చచ్చి ఎన్నేళ్లయిందో, నా శిక్ష మాత్రం కొనసాగుతూనే ఉంది.

తెల్లవారకముందే లేచి ఉల్లిపాయలు తరిగి, మాంసం కలిపి, బిర్యానీ దమ్ము పెట్టి, అందరికీ తువ్వాళ్లు, అత్తమ్మ మాత్రలు, మంచినీళ్లు సర్దేది నేనే. వాళ్లు తడిసి తిరిగొచ్చాక ఆశగా అడిగేదాన్ని, "ఎలా ఉందండీ సముద్రం?" అని. ఆయన తల తుడుచుకుంటూ, "ఏముంది చూట్టానికి? నీళ్లే కదా. ముందు వడ్డించు, కడుపు కాలిపోతోంది" అనేవాడు. ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. నీళ్లే అయితే ఏటా అంత పరుగున ఎందుకు పోవడం? ఆ కోపాన్నంతా గరిటెతో అన్నంలోకి దించి వడ్డించేసేదాన్ని. ఆయన లేనప్పుడు మా విత్తనాల దుకాణంలో కూర్చునేది నేను, రైతులకు పొట్లాలు కట్టిచ్చేది నేను. ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగితే ఆయన నవ్వుతూ, "కరీమున్నా? ఇంట్లో ఖాళీయే" అంటాడు. ఆ ఖాళీ ఎంత బరువో మోసేవాళ్లకే తెలుసు.

ఈ ఏడు నలుగురమే వచ్చాం. ఆయన, నేను, కాలేజీ సెలవులకు వచ్చిన షమీమ్, మా అత్తమ్మ జోహరాబీ. దారి పొడుగునా నా మనసులో ఒకటే మాట. ఈసారి సముద్రంలో కాళ్లు తడుపుకోకుండా ఇంటికి వెళ్లను. ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికో అడ్డం పుట్టుకొస్తుందని నా భయం.

కారు దిగి చూస్తే దిబ్బ సగమే ఉంది. వెనకటి తుఫానుకి సగానికి విరిగి సముద్రం వైపు జారిపోయిందట. సరుగుడు చెట్లు వేళ్లు పైకి తేలి అడ్డదిడ్డంగా పడున్నాయి. అంచున ఎవరో కట్టిన ఎర్ర రిబ్బను గాలికి ఊగుతోంది. "అయ్యయ్యో, చోటంతా పాడైపోయిందే" అని ఆయన తల పట్టుకున్నాడు. నేను మాత్రం అటే చూశాను. దిబ్బ విరిగిన సందులోంచి ఎదురుగా సముద్రం. ఇన్నేళ్లు అడ్డంగా ఉన్నది పక్కకి తప్పుకుంది. ఎంత పెద్దదో! నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

కిందికి దిగే పాత బాట లేదు. జారిన ఇసుక మీదుగా ఏటవాలుగా కొత్త కాలిబాట పడింది. మా కళ్ల ముందే ఇద్దరు బెస్త ఆడవాళ్లు నెత్తిన చేపల గంపలతో ఆ బాటన ఎక్కి వచ్చి రోడ్డు వైపు వెళ్లిపోయారు. అది చూసి ఆయన ముందు దిగబోయాడు. గబగబా దిగాడేమో, కాళ్ల కింద ఇసుక కదిలి కూలబడ్డాడు. కాళ్లూ చేతులూ ఆనించి పాకుతూ పైకి వచ్చి ప్యాంటు దులుపుకున్నాడు.

"కుదరదు. ఇక్కణ్ణుంచే చూసి, తినేసి పోదాం. నువ్వు చాప పరిచెయ్."

చాప నా చేతిలోనే ఉంది. చంకలో నీళ్ల సీసా, భుజానికి సంచీ. ఆ క్షణంలో మా పుట్టిల్లు గుర్తొచ్చింది. పత్తి తీసే రోజుల్లో నాన్న నన్ను ఎత్తి పెద్ద గోనె బోరెంలో దించేవాడు. పైనుంచి పత్తి పోస్తుంటే నేను లోపల తిరుగుతూ తొక్కేదాన్ని. మడమ ఆనించి, పాదమంతా పరిచి, తొందరపడకుండా. కాలు దిగుతుంది, మనం దిగబడం. పెళ్లయ్యాక కూడా ఆ నడక నన్ను వదల్లేదు. "పత్తి తొక్కినట్టు ఏంటా నడక? నలుగురిలో కాస్త ఆడదానిలా నడువు" అని ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నాడో. పెళ్లిళ్లలో ఆయన వెనక నడుస్తూ నా కాళ్లని చూసి నేనే సిగ్గుపడేదాన్ని.

చాప ఆయన చేతిలో పెట్టాను. సంచీ, నీళ్ల సీసా దాని పైన పెట్టాను. చెప్పులు విప్పేశాను.

"నువ్వెక్కడికే?" అంది అత్తమ్మ.

"కిందికి అత్తమ్మా."

"మరి డేగిసా?"

"మీ అబ్బాయి ఉన్నాడుగా."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఏయ్ కరీమున్, వేళాకోళమా? నేనే పడ్డాను, నువ్వేం దిగుతావ్?"

రిబ్బను దాటాను. కింద ఇసుక కదిలింది. మడమ ఆనించాను, పాదం పరిచాను, ఆగాను. ఇసుక సర్దుకుంది. మళ్లీ అడుగు. నా కాళ్లు మర్చిపోలేదు. వెనక షమీమ్ "అమ్మా, ఆగు, నేనూ వస్తున్నా" అంటూ నా అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ దిగింది.

సగం దిగాక పైనుంచి అత్తమ్మ కేక. "ఏమే! నన్నొదిలేసి పోతారా?"

తలెత్తి చూశాను. ఇరవై ఏళ్లుగా నన్ను "కూర్చో" అన్న మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని అంచున నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వు కూడానా?" అన్నాడాయన.

"నోర్ముయ్‌రా. మీ నాన్న ఉన్నప్పుడు ఆ డేగిసా పక్కన కూర్చుంది నేనే. కోడలొచ్చాక ఇది కూర్చుంది. నేను కూడా ఎప్పుడూ దిగలేదు."

ఇన్నేళ్లూ ఆమె నా పక్కనే కూర్చునేది, నాకు కాపలాగా అనుకునేదాన్ని. నేను మళ్లీ పైకెక్కి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "మడమ ముందు పెట్టు అత్తమ్మా. తొందరొద్దు. నన్ను చూడు, ఇసుకని చూడకు." ఆమె నన్నే చూస్తూ దిగింది. నేను వెనక్కి నడుస్తూ, షమీమ్ పక్కన పట్టుకుంటూ, ముగ్గురం కింద పడకుండా నీళ్ల దాకా వచ్చేశాం.

మొదటి అల పాదాల మీదకి రాగానే నేను గట్టిగా అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు. ఎవరూ నన్ను "మెల్లగా" అనలేదు. అత్తమ్మ వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని, ముఖం చిట్లించి ఉమ్మేసింది.

"ఇంత ఉప్పా! నేను కూరలో ఇందులో సగం వేసినా మీ మామ పళ్లెం విసిరేసేవాడే."

ముగ్గురం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది. చీరలు మోకాళ్ల దాకా తడిశాయి. పైన అంచు మీద ఆయన చాప పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ కనిపించాడు. "ఏవండీ! డేగిసా జాగ్రత్త, కుక్కలొస్తాయి!" అని చేతులెత్తి కేకేశాను. షమీమ్ నవ్వలేక ఇసుకలో కూర్చుండిపోయింది.

పైకి ఎక్కేసరికి ఆయన చాప వంకరగా పరిచి, దానిమీద ముడుచుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి డేగిసా మూత మీదే ఉంది. మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూశాడు. మెల్లగా అడిగాడు.

"ఎలా ఉంది?"

అత్తమ్మ నా వైపు చూసింది. "ఏముంది? నీళ్లే కదా" అని ఆయన మాట ఆయనకే అప్పజెబుదామని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అంతటి సముద్రాన్ని అలా అనడానికి మనసొప్పలేదు.

"నీళ్లేనని చెప్పారు ఇన్నేళ్లూ. అబద్ధం చెప్పారు" అన్నాను. "వచ్చే ఏడు మళ్లీ వస్తాం. దిగేటప్పుడు మీరు మా వెనక రండి, ఎలా నడవాలో చూపిస్తాను."

చాప మీద అత్తమ్మ పక్కన కాళ్లు బారజాపి కూర్చున్నాను. పాదాలకి అంటిన తడి ఇసుక దులుపుకోలేదు.

"ఆకలేస్తోంది. వడ్డించండి."

ఆయన మా ముగ్గురినీ చూశాడు. మూత తీశాడు. తర్వాత సంచీలో చెయ్యి పెట్టి తువ్వాళ్లు, మాత్రలు, గ్లాసులు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టాడు. గరిటె ఎక్కడుందో ఆయనకి తెలియదు. వెతుక్కోనిచ్చాను.