మంగళహారతితో సహా

నేను ఒక కేసెట్టును. అరవై నిమిషాలదాన్ని, ముప్పై ఇటువైపు, ముప్పై అటువైపు. నా అట్ట మీద రాసింది చదివితే మీరు చెప్పులు విడిచి దణ్ణం పెట్టినా పెడతారు. ‘వ్రతకథ, మంగళహారతితో సహా’ అని ఎర్ర సిరాతో ఉంటుంది. మూలన ఎప్పుడో ఎండిపోయిన కుంకుమ బొట్టు కూడా ఉంది. అసలు సంగతి చెబుతాను, నవ్వకండి. నాలో కథా లేదు, హారతీ లేదు. ఒకమ్మాయి తనలో తాను పాడుకున్న ఎనిమిది పాటలున్నాయి. కచ్చితంగా చెప్పాలంటే ఏడున్నర.

ఏ ఊళ్ళో తయారయ్యానో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి సామర్లకోట స్టేషన్ రోడ్డులో సూరిబాబు గారి రికార్డింగ్ సెంటర్లో ఉన్నాను. తొంభైమూడో సంవత్సరం మాట. ఆ రోజుల్లో జనం కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి తెచ్చేవారు, కొట్లో వాటిని ఖాళీ కేసెట్లలోకి ఎక్కించి ఇచ్చేవారు. వచ్చిన ప్రతివాడూ “నా టేస్టే వేరండి” అంటూ కాగితం తీసేవాడు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ అవే పన్నెండు పాటలు! మా వాళ్ళు వందమంది ఆ పన్నెండు పాటలే మోసుకుంటూ ఊరంతా తిరిగారు పాపం.

పాటలు ఎక్కించేదీ, అట్టల మీద పేర్లు రాసేదీ హైమావతి. ఇరవై రెండేళ్ళ పిల్ల, మాట తక్కువ. చేతిరాత మాత్రం చూడముచ్చటగా ఉండేది. అందులోనూ ‘ళ’ రాసినప్పుడు దాని తోకను రెండు చుట్లు తిప్పి మరీ వదిలేది. టేపురికార్డరున్న ప్రతి ఇంట్లోనూ ఆ చుట్లు ఉండేవి. ఊరంతటికీ ఆమె రాత తెలుసు, గొంతు ఎవరికీ తెలియదు.

ఒంటిగంటకి సూరిబాబు షట్టరు సగం దించి, మేడమీద ఇంట్లో భోంచేసి మూడింటిదాకా కునుకు తీసేవాడు. ఆ రెండు గంటలూ హైమవి. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని ఒక బొమ్మ కీబోర్డు కొట్లో పడి ఉండేది. అందులో రెండు మెట్లు పలకవు. అందుకని హైమ కట్టిన బాణీలన్నీ, వానకి నిలిచిన నీళ్ళు దాటినట్టు, ఆ రెండు మెట్ల దగ్గరా ఒక్క గెంతు గెంతి అవతల పడేవి. ఒక డెక్కులో తన గొంతు ఎక్కించి, దాన్ని మోగిస్తూ రెండో డెక్కులో ఇంకో గొంతు కలిపేది. తన పాటకి తనే వంత అన్నమాట. కలిపిన ప్రతిసారీ సుయ్యిమనే చప్పుడు ఇంకాస్త పెరిగేది. పైన సూరిబాబు తల్లి పడుకుని ఉంటుంది కనక గొంతు ఎత్తడానికి లేదు. పక్కన కూర్చున్నవాళ్ళ చెవిలో చెప్పినట్టు పాడేది. వెనకాల ఫ్యాను కిర్రుమంటూ ఉండేది, మధ్యలో రైలు కూత వచ్చి పడేది.

సినిమా పాటలు కావు, భజనలు కావు, రేడియోలో వచ్చే లలితగీతాలూ కావు. తలుపు వెనక ఆరేసిన గొడుగు మీద ఒకటి. రోజూ రైలు దిగి ఒక్కటంటే ఒక్క జామకాయ కొనుక్కుని వెళ్ళే పెద్దాయన మీద ఒకటి. వింటూ ఉంటే ఒళ్ళు జలదరించేది నాకు. టేపుకి ఒళ్ళేమిటని అడక్కండి, నా బాధ నాది.

మరి నా మీద ఏం రాయాలి? సినిమా పేరు రాస్తే ఎవరో ఒకరు వింటారు. రాయకుండా వదిలేస్తే ఖాళీ అనుకుని సూరిబాబు ఆ పన్నెండు పాటలూ ఎక్కించి పారేస్తాడు. హైమ పెన్ను కొరుకుతూ ఆలోచించి, చివరికి ‘వ్రతకథ’ అని రాసింది. ఊరికే ఎవరూ వినరు, చెరిపే ధైర్యం అసలే చెయ్యరు. నమ్మకం కుదరడానికి ‘మంగళహారతితో సహా’ అని కూడా చేర్చింది. అబ్బో, ఏం తెలివి!

నా వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, వైపుకొకటి. పలుకు విరిచేస్తే ఆ వైపున ఉన్నది ఇక చెరగదు. “ఎనిమిదోది కూడా అవనీ, అప్పుడు విరుస్తాను” అంది హైమ నన్ను పట్టుకుని. ఆ ఎనిమిదోది పాడుతుండగానే మెట్ల మీద సూరిబాబు అడుగులు వినపడ్డాయి. టిక్కుమని ఆపేసింది. మర్నాటికి ఒళ్ళు కాలే జ్వరం, రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లోనే నా రాత మారిపోయింది.

వీర్రాజు గారని ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. కొత్తింట్లోకి దిగుతూ వ్రతం పెట్టుకున్నాడు. మంచి ముహూర్తం కావడంతో పంతులుగారు ఆ పూట నాలుగిళ్ళకి ఒప్పుకున్నారట. “పూజ నేను చేయించేస్తాను, కథ మాత్రం కేసెట్టు వేసుకోండి, హారతికల్లా వచ్చేస్తా” అన్నారు. వీర్రాజు పరుగున వచ్చి అడిగితే, సూరిబాబు అట్ట చూసి నన్ను తీసి ఇచ్చేశాడు.

పీటల మీద వీర్రాజు, పక్కన పట్టుచీరలో ఆయన భార్య చంద్రకాంతం. చుట్టూ నలభైమంది, చేతుల్లో అక్షింతలు. పంతులుగారు స్కూటరెక్కి వెళ్ళిపోయారు. మీట నొక్కారు. బొమ్మ కీబోర్డు టింగుటింగుమంది, తరవాత హైమ గొంతు.

“తలుపు వెనక తడిగొడుగూ, ఎవరి కోసం ఏడ్చావూ…”

జనం మొహమొహాలు చూసుకున్నారు. వీర్రాజు ఆపబోయాడు. ఆయన మేనత్త కస్సుమంది.

“ఒరేయ్, కథ మధ్యలో ఆపకూడదు! ఎవరూ లేవకూడదు కూడాను. ఇది కొత్తరకం కథేమోరా, విను.”

ఇంకెవరు కదులుతారు? పాట అయిపోగానే మేనత్త “ఒక అధ్యాయం అయింది, కొబ్బరికాయ కొట్టండి” అంది. కొట్టారు. జామకాయ పెద్దాయన పాట అయ్యాక రెండోది కొట్టారు. దేవుడి దయవల్ల నా మొదటివైపు సరిగ్గా ఐదు పాటలు, వాళ్ళ దగ్గర సరిగ్గా ఐదు కొబ్బరికాయలు. పంతులుగారు తిరిగొచ్చి “కథ అయిందాండి?” అని అడిగితే, “ఆయ్, ఐదూ కొట్టేశామండి” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఏ గాయకురాలికి దక్కింది చెప్పండి ఇలాంటి సభ! నేను ఇప్పటికీ గర్వపడతాను.

అంతమందిలో పాటను పాటగా విన్నది చంద్రకాంతం ఒక్కతే. మూడో పాటకి ఆమె కళ్ళు నిండిపోయాయి. సాంబ్రాణి పొగ అని చుట్టాలకి చెప్పింది. పొగ కాదు. తెల్లవారుజాము నుంచీ ఆ ఇంట్లో ‘అదెక్కడుంది, ఇదెక్కడుంది’ అని తప్ప ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ‘ఇలా నాలాగే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే మనిషి ఇంకొకతి ఉందన్నమాట’ అనుకుంది. ఆ సంతోషానికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే వీర్రాజు నన్ను పట్టుకుని గుమ్మందాకా వెళ్ళాడు. “దయ్యం పాడినట్టుంది. ఆ సూరిబాబు మొహాన కొట్టి, చెరిపించి కథ ఎక్కించుకొస్తాను” అన్నాడు.

చంద్రకాంతం అడ్డం నిలబడింది. “చెరిపించండి. వ్రతకథ అని రాసుంది, నేను బొట్టు పెట్టాను, ఐదు కొబ్బరికాయలు కొట్టాం. ఆ తరవాత ఏదన్నా జరిగితే మీదే పూచీ.”

వీర్రాజు నన్ను కాలుతున్న గిన్నెలా కింద పెట్టేశాడు. నా అట్ట నన్ను కాపాడిందని నేనూ, తన మాట చెల్లిందని ఆవిడా పొంగిపోయాం.

ఇక అక్కణ్ణుంచి నా కాపురం చంద్రకాంతం వంటింట్లో, పోపులపెట్టె పక్కన. మధ్యాహ్నం అంట్లు సర్దేశాక నన్ను పెట్టుకునేది. ఏడు పాటలూ నోటికి వచ్చేశాయి. ఎనిమిదోది మాత్రం ఆమెను స్థిమితంగా ఉండనిచ్చేది కాదు.

“రైలొచ్చింది, రైలెళ్ళింది, దిగినవాళ్ళలో నేను లేను, ఎక్కినవాళ్ళలో నేను లేను, మరి నేనెక్కడున్నానంటే…”

టిక్.

ఎక్కడుంది ఈ పిల్ల? చంద్రకాంతానికి అదే బెంగ. ఏడాది తరవాత ఒకసారి సూరిబాబు కొట్టుకి తనే వెళ్ళి అడిగింది. “ఏమోనండి, ఎక్కడెక్కడివో వస్తుంటాయి” అన్నాడాయన. నిజంగానే ఆయనకి తెలియదు. అప్పటికే హైమ పని మానేసి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచాయి. వీర్రాజు రిటైరయ్యాక కాకినాడలో అపార్ట్‌మెంటుకి మారారు. నాకూ వయసొచ్చింది. ఒకసారి మిషను నా టేపును నమిలేసింది. చంద్రకాంతం ఊపిరి బిగబట్టి మడతలు విప్పి, సెల్లోటేపుతో అతికి, పెన్సిలుతో తిప్పి లోపలికి చుట్టింది. ఆరో పాటలో ఒక మాట పోయింది. అప్పటినుంచి భయపడి నెలకొక్కసారే వినేది. టేపురికార్డర్లు బాగుచేసేవాళ్ళు కరువయ్యారు, ఇంట్లో మిగిలింది ఆఖరిది. ఇంకెన్నిసార్లు పలుకుతానో నాకే తెలిసేది కాదు. పాడినామె కంటపడకుండానే మూగబోతానేమోనని నిజంగా దిగులుపడ్డాను.

ఒకరోజు వీర్రాజుకి నోరు చప్పబడి, వీధి చివర కొత్తగా పెట్టిన కర్రీ పాయింటు నుంచి ఏదన్నా తెమ్మన్నాడు. చంద్రకాంతం వెళ్ళింది. ఉత్త చేతులతో, పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. పోపులపెట్టె పక్కనుంచి నన్ను తీసి కొంగులో పెట్టుకుని మళ్ళీ బయల్దేరింది.

కొట్టు ముందు నల్లపలక మీద సుద్దముక్కతో ఆ పూట కూరలు రాసి ఉన్నాయి. నాలుగో వరసలో ‘బంగాళాదుంప వేపుడు’. ఆ ‘ళ’ తోక రెండు చుట్లు తిరిగి ఉంది. చంద్రకాంతం నా అట్టను పలక పక్కన పెట్టి, ‘మంగళహారతి’నీ ‘బంగాళాదుంప’నీ మార్చి మార్చి చూసింది.

“ఏవమ్మా, ఈ పలక మీద రాసిందెవరు?”

“నేనేనండి. ఏం, తప్పు పడిందాండి?” అంటూ లోపల్నుంచి ఒకామె గరిటెతో వచ్చింది. జుట్టు నెరిసింది, కళ్ళజోడొచ్చింది. నేను ఆ గొంతు వినగానే పోల్చుకున్నాను.

చంద్రకాంతం నన్ను బల్ల మీద పెట్టింది. హైమ గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ముందు నా వెనక అంచు తడిమి చూసింది. రెండు పలుకులూ ఉన్నాయి.

“చెరిపేశామన్నారు కదండీ” అంది.

“ఎవరన్నారు?”

“వ్రతం చేసుకున్నాయనేనండి. కొట్టుకొచ్చి, మా ఇంట్లో దయ్యం పాడింది, చెరిపేశాం అని సూరిబాబు గారిని దులిపేశారు. నేనక్కడే నిలబడున్నానండి. దయ్యం అన్నాక, నాది అని ఎలా చెప్పనండి? మళ్ళీ నోరు విప్పి పాడలేదు.”

బడాయికి ఒక అబద్ధం ఆడి ఆ రోజే మర్చిపోయి ఉంటాడు వీర్రాజు. దాన్ని ఈమె ముప్పై ఏళ్ళు మోసింది. మనుషులతో వచ్చిన చిక్కే ఇది.

“ఇంటికెళ్ళాక ఆయన పని చెప్తాను” అంది చంద్రకాంతం. “ముందు నాకొకటి చెప్పమ్మా. ఆ ఎనిమిదోది ఎలా అయిపోతుంది? నువ్వెక్కడున్నావంటే… తరవాతేంటి?”

హైమ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. “గుర్తు లేదండి. పోయింది” అంది.

చంద్రకాంతం అక్కడున్న స్టూలు మీద కూలబడింది. సిగ్గుపడుతూ, “నేనొకటి కట్టుకున్నాను. నవ్వకూడదు మరి” అంది. అరవై రెండేళ్ళ మనిషి, పెళ్ళయ్యాక పరాయివాళ్ళ ముందు ఎన్నడూ నోరెత్తి పాడనిది, కూరల గిన్నెల మధ్య పాడింది.

“మరి నేనెక్కడున్నానంటే, నీ పక్క బల్ల మీదే ఉన్నా, కాస్త జరుగూ, కూర్చుంటా…”

హైమ నవ్వలేదు. బిత్తరపోయి చూసింది.

“ఆ రెండు మెట్లూ పలకవని మీకెవరు చెప్పారండి?”

“ఏ మెట్లు?”

“నా కీబోర్డులో పలకనివండి. అక్కడ సరిగ్గా గెంతారు మీరు.”

“నాకేం తెలుసే తల్లీ! నువ్వు గెంతావు, నేనూ గెంతాను.”

అప్పుడు హైమ ఏడ్చింది. స్టూలు మీద చంద్రకాంతం నిజంగానే కాస్త జరిగింది.

మర్నాడు ఒంటిగంటకి హైమ షట్టరు సగం దించింది. చంద్రకాంతం ఆ ఆఖరి టేపురికార్డరును సంచీలో మోసుకొచ్చింది. పెన్సిలుతో అటూ ఇటూ తిప్పి, ‘టిక్’ ఉన్న చోట నన్ను నిలబెట్టారు. హైమ గరిటెతో గిన్నెమూత మీద తాళం వేసింది. ఇద్దరూ ఎనిమిదో పాట చివరి ముక్క పాడారు, ఒకరికొకరు చెవిలో చెప్పుకున్నట్టు. మధ్యలో కుక్కరు కూత వేసింది, తీసెయ్యలేదు. సుయ్యిమనే చప్పుడు ఎలాగూ ఉంది.

నన్ను బయటికి తీశాక చంద్రకాంతం తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. “ఇక విరిచెయ్యమ్మా, నా గుండె నిమ్మళిస్తుంది.”

హైమ మొదటివైపు పలుకును పుటుక్కున విరిచింది. ఐదు కొబ్బరికాయల వైపు అది. నన్ను తిప్పి, రెండో పలుకు మీద పిన్ను ఆనించి, ఆగిపోయింది.

“ఏమ్మా?” అంది చంద్రకాంతం.

“ఈవైపు ఇంకా పదకొండు నిమిషాల టేపు ఖాళీగా ఉందండి” అంది హైమ. పిన్ను తిరిగి ఇచ్చేసి, “రేపు ఒంటిగంటకి వస్తారా?” అని అడిగింది.