రైలుకట్ట దగ్గర ఆగిన నీడ

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఉపగ్రహం తీసిన బొమ్మను ముక్కలు చేసి తలా ఒకటి పంచుతారు. తనవాళ్ళు ఉండే ప్రాంతం తన వాటాకు వస్తే, నోరెత్తకుండా ఆ ముక్కను పక్కవాళ్ళకు ఇచ్చేయాలి. ఆ నియమం పెట్టింది గొడుగు సార్. ఆయన మా సెక్షన్ హెడ్. మండుటెండలో కూడా చేతిలో గొడుగు లేకుండా గడప దాటడు. ఇన్నేళ్ళు మబ్బుల మధ్యే బతికి, ఒక్క మబ్బునైనా నమ్మని మనిషి.

"మనవాళ్ళున్న చోట ప్రతి నీడా నీళ్ళలాగే కనిపిస్తుందమ్మా. భయంతో చూస్తే అంతే," అంటాడు.

ఆ రోజు మా చెల్లి ఉండే కాలనీ నా వాటాకే వచ్చింది. నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఎలా ఇస్తాను? రాత్రంతా కుండపోతగా కురిసి, తెల్లవారాకే కాస్త తెరిపిచ్చింది. ఏటిగట్టు తెగిందన్నారు గానీ నీళ్ళు ఎటు మళ్ళాయో ఎవరికీ తెలియదు. చెల్లి ఫోను పొద్దున్నుంచి పలకడం లేదు. బాత్రూంలో జారిపడి, కాలికి సిమెంటు కట్టుతో కింది వాటాలో ఒక్కతే ఉంది. మరిది లారీ తీసుకుని ఎటో వెళ్ళాడు. ఆ ముక్కను నా పక్క సీటు కుర్రదాని చేతిలో పెట్టి, నేను టీ తాగుతూ కూర్చోవాలా?

మా పని చెప్పడానికి తేలికే. పైనుంచి చూస్తే మబ్బు తెల్లగా, దాని నీడ నల్లగా ఉంటాయి. చిక్కల్లా ఆ బొమ్మల్లో వరద నీరు కూడా నల్లగానే ఉండటం. కంప్యూటర్ ప్రోగ్రామ్ తనకు తోచినట్లు గుర్తులు పెడుతుంది, అది తడబడ్డ చోట మేం దిద్దుతాం. నీడ అని తేలితే బూడిదరంగు, నీళ్ళని తేలితే నీలం. నీలం ఉన్నచోటికి పడవలు వెళతాయి. బూడిదరంగు ఉన్నచోటికి ఎవరూ వెళ్ళరు.

ముక్క తెరిచాను. చెల్లి కాలనీ మీద నల్లటి మచ్చ. నీడో నీళ్ళో తేల్చుకోలేక ప్రోగ్రామ్ దాన్ని నాకే వదిలేసింది.

నీడే అయి ఉంటుంది, నీడే అయి ఉండాలి అనుకుంటూ మబ్బు కోసం వెతికాను. బొమ్మ తీసింది పొద్దున. సూర్యుడు తూర్పున ఉన్నాడు కాబట్టి నీడలన్నీ పడమటికే పడాలి. కాలనీకి తూర్పున, కాస్త దూరంలో ఒక పెద్ద మబ్బు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. ఆ మబ్బు ఎత్తులో ఉంటే నీడ సరిగ్గా కాలనీ మీదే పడుతుంది. వెంటనే బూడిదరంగు వేసేశాను. చెల్లి క్షేమంగా ఉందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఇంతలో ఫోను. పడవలు పంపే ఆఫీసరు.

"మ్యాపు ఎక్కడిదాకా వచ్చింది మేడం? చోట్లు చాలా ఉన్నాయి, పడవలు చూస్తే నాలుగే. ఎటు పంపమంటారు?"

"అయిపోయిందండీ, పంపుతున్నా."

పంపేముందు ఆ మబ్బును మరోసారి చూశాను. దానికీ కాలనీకీ మధ్య ఒక పాత రాళ్ళ క్వారీ ఉంది. క్వారీ మీద కూడా నల్లమచ్చ. అది ఆ మబ్బు నీడేనని ప్రోగ్రామ్ ఎప్పుడో రాసిపెట్టింది. అంటే నేను ఒకే మబ్బుకు రెండో నీడ అంటగట్టాను.

క్వారీలో ఉన్నవి నీళ్ళేమో, ప్రోగ్రామే పొరబడిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చుట్టుపక్కల మబ్బులు చూశాను. అన్నీ తక్కువ ఎత్తులోనే ఉండి, నీడల్ని పిల్లల్లా పక్కనే ఉంచుకున్నాయి. ఇదొక్కటే తన నీడను అంత దూరం ఎందుకు విసిరేస్తుంది? కాలనీని పెద్దది చేసి చూశాను. మచ్చకు మూడు వైపులా అంచులు వంకరటింకరగా ఉన్నాయి. నాలుగో వైపు మాత్రం గీత గీసినట్లు తిన్నగా, రైలుకట్ట వెంబడే సాగింది.

నీడకు రైలుకట్టతో ఏం పని? కట్టెక్కి దిగి అవతలి పొలాల మీద కూడా పడుతుంది. కట్ట దగ్గర ఆగిపోయేవి నీళ్ళు.

గొడుగు సార్ మాట నా విషయంలో తలకిందులైంది. భయంతో చూస్తే నీడ నీళ్ళలా కనిపిస్తుందన్నాడు. నాకేమో నీళ్ళే నీడలా కనిపించాయి.

ఆయన టేబుల్ దగ్గరికి పరుగెత్తాను. "సార్, నా ముక్క ఒకసారి మీరు చూడాలి."

"నువ్వు చూశావుగా?"

"అక్కడ మా చెల్లి ఉంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. చీవాట్లు పడతాయనుకున్నాను. "నీకేం అనిపించిందో చెప్పకు," అని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నిమ్మకు నీరెత్తినట్లు మబ్బులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నాడు. అవతల ఫోను మోగుతోంది. ఈ మనిషిని కుర్చీతో సహా పక్కకు లాగేయాలన్నంత కోపం వచ్చింది.

"కట్ట దగ్గర ఆగిందే!" అన్నాడు చివరికి. "నీలం వెయ్యి."

"మీరే వెయ్యండి సార్. నాకు చేతులు ఆడట్లేదు."

"ముక్క దగ్గర పెట్టుకున్నావుగా, నువ్వే వెయ్యాలి. మిగతాది తర్వాత మాట్లాడతాను."

వేశాను. మొదట సందు చివరి ఇల్లు, తర్వాత పాలబూత్, ఆ తర్వాత చెల్లి ఇల్లు. ఆ ఇంటిని నా చేత్తో నేనే ముంచుతున్నట్లు ఏడుపొచ్చింది. మ్యాపు వెళ్ళగానే ఆఫీసరుకు ఫోన్ చేసి, ముందు రైలుకట్ట వైపు పంపమని బతిమాలాను.

ఆ తర్వాత ఏ పనీ చేయలేకపోయాను. ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం. ఎవరో తెచ్చిన టీ చల్లారిపోయింది. గొడుగు సార్ రెండుసార్లు నా సీటు దాకా వచ్చి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, నేనే. పడవాయన ఫోన్లోంచి చేస్తున్నా. ఏడవకే, బాగానే ఉన్నాను. మంచం మీద టేబుల్ వేసుకుని, దాని మీద కూర్చున్నా. ఇంకాసేపైతే అదీ మునిగేదే."

"భయపడ్డావా?"

"నీళ్ళు మంచం దాకా వచ్చినప్పుడు భయమేసింది. కానీ మా అక్క ఆఫీసులోనే ఉంది కదా, పైనుంచి చూస్తూనే ఉంటుందిలే అనుకుని కూర్చున్నా. చూశావు కదా?"

"చూశానే," అన్నాను. రెండోసారి చూశానని మాత్రం చెప్పలేకపోయాను.