రెండు స్క్రూల వాన

పొద్దున్నే కారు తుడవడం కళ్ళజోళ్ళాయనకి అలవాటు. షాపులో కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డతోనే కారునీ తుడిచేవాడు. ముందు, పక్కలు, పైన మెరిసిపోయేలా రుద్ది, వెనక నంబరు ప్లేటు దగ్గరికొచ్చేసరికి గుడ్డ మడిచి జేబులో పెట్టేసుకునేవాడు. పదకొండేళ్ళుగా ఆ ప్లేటు మీద చెయ్యి పడలేదు. అంకెలు వెలిసిపోయాయి. రెండు స్క్రూలూ తుప్పు పట్టి రేకుని కరుచుకుపోయాయి. చివరికి బళ్ళ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ప్లేటు మార్చందే కారు రోడ్డెక్కకూడదని.

ఆయన భార్య ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. "ఇన్నాళ్ళకి" అని, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద టబ్బు తెచ్చి కార్లో పెట్టింది.

తుప్పు పట్టిన స్క్రూ విప్పితే, దానికి ఆ తుప్పు పట్టించిన మొదటి వాన బయటికొస్తుంది కదా. బండి మీద ఎంత కురిసిందో అంతా వస్తుంది. అందుకే ప్లేట్లు బిగించే అమ్మాయి కొట్టు ముందు ఎప్పుడూ తడే. కిందటి నెల ఎవరిదో వ్యానుకి స్క్రూ తీస్తే తుఫాను వానొచ్చి, పక్క కొట్లో చెప్పులన్నీ వీధి చివరిదాకా ఈదుకుంటూ పోయాయి. ఆ చెప్పులాయన ఇప్పుడు ఈ అమ్మాయి స్క్రూడ్రైవరు పట్టుకుంటే చాలు, సరుకుతో సహా బల్లెక్కేస్తాడు.

కళ్ళజోళ్ళాయన కారు చూసిన మొదటి వాన ఏదో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. కారు కొన్న నాలుగో రోజు మధ్యాహ్నం, నొప్పులొస్తున్న కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టి ఆయనొక్కడే ఆస్పత్రికి బయల్దేరాడు. భార్య ఆ రోజు చెల్లెలింట్లో ఉంది. దారిలో వాన మొదలైంది. ఆయన కారు పక్కకి ఆపేసి ముప్పావు గంట కూర్చున్నాడు. ఆస్పత్రి చేరాక పిల్ల దక్కింది. తల్లి దక్కలేదు.

"చెయ్యి చాపితే చెయ్యి కనపడని వాన" అని ఆయన చెప్పాడు.

"అదే దారిలో, అదే టైముకి నేను స్కూటరు మీద వచ్చాను. తుంపర. నా చొక్కా కూడా తడవలేదు" అన్నాడు అల్లుడు.

ఆ మాట అన్నందుకు ఆవిడ అల్లుణ్ణి గుమ్మంలోంచే పంపేసింది. అతను పసిపిల్లని ఎత్తుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. మనవరాలికిప్పుడు పదకొండేళ్ళు. మొగుడి మాట మీద నిలబడింది కాబట్టి ఆవిడ ఆ పిల్ల మొహం ఎరగదు.

మరి ఆయనకేం గుర్తుందీ అంటే, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని వదలకపోవడం గుర్తు. వైపర్లు అటూ ఇటూ తిరగడం గుర్తు. వాటి అవతల ఏం కనపడిందో మాత్రం గుర్తు లేదు. చెప్పగా చెప్పగా చెప్పిన మాటే మిగిలింది.

"అబ్బో, టబ్బే తెచ్చారే! ఏం వాన పిన్నిగారూ?" అంది ప్లేట్లమ్మాయి.

"పెద్దది. ఆ చెప్పులాయన్ని పైకెక్కమను."

"ఎప్పుడో ఎక్కేశానమ్మా!" అన్నాడతను బల్ల మీంచి.

అమ్మాయి స్క్రూల మీద నూనె పోసి నాననిచ్చింది. కళ్ళజోళ్ళాయన దగ్గరికి జరిగాడు. "రాకపోతే వదిలెయ్యమ్మా. దాని మీదే కొత్తది అతికించెయ్యి."

"అతికిస్తే ఆఫీసువాళ్ళు పీకి నా చేతిలో పెడతారు బాబాయిగారూ. కాస్త జరగండి, వెలుతురు పడట్లేదు."

"మీకెందుకండీ కంగారు?" అంది భార్య. "రానివ్వండి. ఈ టబ్బు ఇలాగే తీసుకెళ్ళి ఆ అబ్బాయి ముందు పెడతాను. పిల్లని అప్పుడెలా చూపించడో చూస్తాను."

గాడి అరిగిపోయి స్క్రూడ్రైవరు జారిపోతోంది. అమ్మాయి ప్లయరుతో పట్టి మెల్లగా ఊపింది. మొదటి స్క్రూ కీచుమంటూ ఊడింది. ఎండకి కాలిన రోడ్డు తడిసిన వాసన వచ్చింది. వెనకాలే నీళ్ళు వచ్చాయి, ఒక గ్లాసుడు. టబ్బు అడుగు కూడా సరిగ్గా తడవలేదు.

"ఏదో అడ్డం పడ్డట్టుంది" అంది ఆవిడ.

అమ్మాయి పుల్ల పెట్టి చూసింది. "ఏం లేదు పిన్నిగారూ. బండి వాలుగా ఆపితే ఒక్కోసారి వానంతా రెండోదాంట్లోనే ఉండిపోతుంది."

"వాలుగానే ఆపారు. కదండీ?"

"వాలుగానే" అన్నాడాయన. ఎక్కడ ఆపాడో ఆయనకి గుర్తు లేదు.

రెండోది అసలు రానంది. స్క్రూతో పాటు వెనక నట్టు కూడా తిరిగిపోతోంది. ఇక లాభం లేదని అమ్మాయి డ్రిల్లింగ్ మిషను తెచ్చింది. ఇనప పొట్టు ఎర్రగా రాలింది. ఆవిడ వరద కాచుకునేదానిలా కాళ్ళు తన్నిపెట్టి, టబ్బుని రెండు చేతులా పట్టుకుంది. కురవమని, ఊరంతా కొట్టుకుపోయేలా కురవమని, కళ్ళజోళ్ళాయన ఆ పాత మధ్యాహ్నాన్ని లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

తల తెగి స్క్రూ ఊడిపడింది.

నాలుగు చుక్కలు. అయిదోది రంధ్రం అంచున కాసేపు వేలాడి, అక్కడే ఆరిపోయింది.

చెప్పులాయన చప్పుడు చెయ్యకుండా బల్ల దిగాడు. అమ్మాయి తల వంచుకుని కొత్త ప్లేటు పెట్టి ప్లాస్టిక్ స్క్రూలు బిగించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇవి తుప్పు పట్టవు బాబాయిగారూ" అంది.

ఆవిడ టబ్బులో వేలు ముంచి చూసుకుంది. "తుంపరే" అంది.

"నిజంగా నాకు ఏమీ కనపడలేదే..."

"భయమేసింది మీకు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ మాట ఆ రోజే చెప్తే ఏడ్చి ఊరుకునేదాన్ని కదండీ. పిల్లనైనా పెంచుకునేదాన్ని."

ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. "అల్లుడింటికి పోనీయండి. మధ్యలో ఆపకండి."

ఆయన ఆపలేదు. గేటు దగ్గర ఆవిడ దిగింది. గేటు తీసే ముందు పైట చెంగుతో మొహం తుడుచుకుంది. తలుపు తీసింది ఒక ఆడపిల్ల. జారిపోతున్న కళ్ళజోడుని వేలితో పైకి తోసుకుంటూ, ఎవరో తెలియక చూస్తోంది. కుడి కాడ దగ్గర స్క్రూ వదులైంది. అర నిమిషం పని. ఆయన చెయ్యి కారు తలుపు పిడి మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

ఆవిడ పిల్లతో ఏదో చెప్పింది. లోపల్నించి అల్లుడొచ్చాడు. ఆవిడ అతనికి రెండు చేతులూ జోడించింది. అతను వద్దు వద్దంటూ ఆ చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఆయన్ని ఉండమని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. వీధంతా ఎండగా ఉంది. చీకటిపడేదాకా చూసి, ఆయన ఒక్కడే ఇంటికి పోయాడు.