బ్యాటరీ మీద కొట్టిన టెంకాయ

చేపల వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగిన రోజు. రాత్రే నెల్లూరు నుంచి ఇంటికొచ్చి పడుకుని, పొద్దెక్కి లేచిన నా ముఖం ముందు మా అమ్మ పోలేరమ్మ ఫోను పెట్టింది. తెల్లవారుజామున తమ్ముడి పడవ పూజకు సొంత అక్క లేకపోతే ఎలా అని సణుగుతూనే వీడియో చూపించింది.

తమ్ముడు మధుబాబు పడవకు ఈ ఏడే బ్యాటరీ మోటారు బిగించాం. డీజిలు కంపు భరించలేక, వాడి ప్రాణం తీసి కొనిపించింది నేనే. నెల్లూరు కాలేజీలో నా ఉద్యోగం కూడా బ్యాటరీలతోనే. తయారుచేయను. అవి ఎలా వంగుతాయో, ఎలా చిట్లుతాయో కంప్యూటర్లో లెక్కకట్టి చూస్తాను. బ్యాటరీ లోపల రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర అడ్డం ఉంటుంది. అది చిరిగితే రేకులు తగులుకుని నిప్పు పుడుతుంది. ఆ చిరుగు ఎక్కడ మొదలవుతుందో వెతకడానికే నాకు జీతం. మా వాకాడు వైపు ఈ సంగతి చెబితే, పగలగొట్టడానికి కూడా చదువు కావాలా అని నవ్వుతారు.

వీడియోలో పసుపు, కుంకుమ, బంతిపూల దండ, అంతా ముచ్చటగానే ఉంది. తర్వాత అమ్మ టెంకాయ ఎత్తి బ్యాటరీ పెట్టె మీద కొట్టింది. పగల్లేదు. మళ్లీ కొట్టింది. మూత లోపలికి సొట్టపోయింది. ఈసారి మధుబాబు అందుకుని, అదే చోట బలమంతా పెట్టి కొట్టాడు. టెంకాయ పగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు.

వీడియో ఆపి, ఆ సొట్టను పెద్దది చేసి చూశాను. మా ఊళ్లో కొత్త ఇంజను వస్తే టెంకాయ దాని నెత్తినే కొడతారు. ఇనుప ఇంజన్లు కాబట్టి ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. ఈ పెట్టె మూత పలచటి రేకు, దాని కింద వేలు దూరే సందు లేదు. అంత లోతు సొట్టకు లోపల ఏమవుతుందో నిరుడంతా లెక్కకట్టినదాన్ని. పొర చిరుగుతుంది. ఎప్పుడు అంటుకుంటుందో మాత్రం ఏ లెక్కా చెప్పదు. ఇప్పుడే కావచ్చు, రేపు కావచ్చు. ఆ పెట్టె మీద పలక వేసుకుని నా తమ్ముడు నీళ్ల మధ్య కూర్చున్నాడు.

వాడి ఫోను కలవలేదు. ఎప్పుడూ వాడి పడవకు దగ్గర్లోనే వేటాడే మా ఊరి చిన్నబాబుకు చేస్తే ఎత్తాడు. మధుబాబు మోటారు ఆపించి, తీగలు ఊడబీకించి, పడవను తాడుకట్టి లాక్కురమ్మని అరిచాను. మొదటిరోజే వేట చెడగొడతావా ఉషమ్మా అని అతను ఎగతాళి చేశాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వాటికి భయపడే లాక్కొచ్చాడు. వాణ్ణి ఒడ్డున వదిలి, చేపలు మన కోసం కాచుకుని కూర్చోవంటూ వెంటనే వెనక్కి వెళ్లిపోయాడు.

నేను ఒడ్డుకు పోయి పెట్టెను ఇసుకలో దూరంగా పెట్టించాను. తమ్ముడు నాతో మాట మానేశాడు. దేవుడికి కొట్టిన టెంకాయకు వంకలు పెట్టే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని అమ్మ సాధించింది. దారినపోయేవాళ్లు నిలబడి చూసి నవ్వుకుంటూ పోయారు. ఎండ ముదిరింది. నా లెక్క తప్పేమోనని నాకే అనుమానం వచ్చింది. తప్పయితే బాగుండునని కూడా అనిపించింది.

అప్పుడు పెట్టె బుసకొట్టింది. మూత ఎగిరి అవతల పడింది. తెల్లటి పొగ, వెనకే మనిషెత్తు మంట. మధుబాబు ఉన్నచోటనే కూలబడ్డాడు. అమ్మ వాడి తల, భుజాలు తడిమి తడిమి చూసుకుంటోంది. నాకు చెప్పలేనంత సంతోషం. నా తమ్ముడు ఇసుక మీద ఉన్నాడు, నాకింకేం కావాలి?

వాడు మంటను చూడటం లేదు. సముద్రం వైపు చూస్తున్నాడు.

"అక్కా, చిన్నబాబన్న గూడా నిన్న కొత్త బ్యాటరీ మోటారు బిగించినాడు. ఆ పెట్టె మీద గూడా అమ్మ చేతనే టెంకాయ కొట్టించుకున్నాడు."

అమ్మ చెయ్యి వాడి భుజం మీదే ఆగిపోయింది. నా తమ్ముణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చిన పడవ ఏ మోటారుతో నడుస్తోందో నేను అడగనేలేదు. ఫోను చేశాను. మోగింది, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.