అద్దాల తొట్టిలో సవతి

ఆదివారం పొద్దున్నే అందరిళ్ళల్లో ఇడ్లీ పాత్ర పొయ్యెక్కుతుంది. సంయుక్త మాత్రం ముందు సవతికి నీళ్ళు కలపాలి.

సవతంటే ఆడమనిషి కాదులెండి. హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టిలో గులాబీరంగు గొడుగులా విప్పుకుని కూచునే మెత్తటి పగడం, ప్రాణమున్న సముద్రజీవి. మూడేళ్ళ కిందట కేదార్ వైజాగు నుంచి తెచ్చేడు. తేవడం వరకే అతని వంతు. క్యానులో మంచినీళ్ళు నీలం బకెట్లో పొయ్యడం, సముద్రపుప్పు తూచి కలపడం, తొట్టిలోవి ఎంత వెచ్చగా ఉన్నాయో ఇవీ అంతే ఉన్నాయా అని చూడ్డం, పైపు నోట పెట్టి పీల్చి పాతనీళ్ళు తియ్యడం, నోట్లోకొచ్చిన ఆ ఉప్పురోత ఉమ్మడం, ఇవన్నీ సంయుక్తవి. "బుచ్చయ్యపేట బళ్ళో నిలబడి పాఠాలు చెప్పేదానివి, ఆ మాత్రం పనికేటి?" అంటుంది అత్తగారు అలివేలుమంగ, కుర్చీలోంచి కదలకుండా.

పనికి ఏడిచే మనిషి కాదు సంయుక్త. ఆమెది కుళ్ళు. ఒళ్ళు మండిపోయేంత కుళ్ళు. మే నెలలో ఆమెకి నూటమూడు జ్వరం. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఒక్క ఫ్యానే తిరుగుతుంది. కేదార్ వచ్చి, మంచం దగ్గరున్న ఆ ఫ్యాను ఎత్తుకుపోయి తొట్టి ముందు పెట్టేడు. "పాపం, ముడుచుకుపోతంది సంయుక్తా. కొంచెం వేడెక్కినా తట్టుకోలేదది" అన్నాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ 'పాపం' అన్న మాట తన మీద ఒక్కసారన్నా వాడేడా అని జ్వరంలోనే వెతుక్కుంది. దొరకలేదు. మాయదారిది, చచ్చిపోతే బాగుణ్ణు అనుకుంది.

మొన్న ఆదివారం ఆ ముచ్చటా తీరబోయింది. కేదార్ ఆఫీసులో పనిచేసే హరిబాబు, తనూ ఓ తొట్టి పెట్టుకోవాలని సరదాపడి చూడ్డానికొచ్చేడు.

"వారం వారం నీళ్ళు మార్చాలి హరిబాబూ. చంటిపిల్లని సాకినట్టు సాకేను" అంటన్నాడు కేదార్. టీ కప్పులు పట్టుకుని సంయుక్త గుమ్మంలోనే నిలబడిపోయింది.

హరిబాబు ఆహా ఓహో అనేసరికి కేదార్ ఉబ్బిపోయి, "నచ్చిందా? నీకే, పట్టుకుపో!" అంటూ పగడాన్ని అది అతుక్కున్న రాయితో సహా పైకి తీసేడు. రెండో చేత్తో ప్లాస్టిక్ డబ్బాలోకి నీళ్ళు వంపేడు. క్యానులోవి. ఉప్పు కలపని మంచినీళ్ళు. కలిపినవి పక్కనే నీలం బకెట్లో ఉన్నాయి.

నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి సవతి పీడ విరగడైపోతుంది. చంపిందీ తను కాదు. ఆ ఊహ ఒక్క క్షణం ఎంత తియ్యగా ఉందో! కానీ అదలా విప్పుకుని బతికిందంటే ఏం తిని బతికింది? తన నూటయాభై ఆదివారాల్ని.

"ఆగండి! అవి మంచినీళ్ళు. అందులో వేస్తే చచ్చిపోద్ది."

కేదార్ క్యాను కేసి చూసేడు, బకెట్ కేసి చూసేడు. ఏది దేనికో అతనికి తెలీదు. తెలీదని హరిబాబుకి తెలిసిపోయింది.

సంయుక్త కప్పులు బల్ల మీద పెట్టి, మొగుడి చేతిలోంచి పగడాన్ని తీసుకుని, తొట్టిలో దాని చోట పెట్టింది.

"ఏటిది, మాటిచ్చేను కదా!" అన్నాడు కేదార్.

"ఇది నాది. ఇవ్వను" అంది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. "హరిబాబుగారూ, వచ్చే ఆదివారం రండి, నీళ్ళు మార్చడం నేర్పుతాను." తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీరూ కూచోండి. మీకూ అప్పుడే నేర్పేస్తాను."