హారన్ కొట్టని జబ్బు

గ్లోరీ మేడమ్ రోజూ పొద్దున్నే దేవేంద్ర నగర్ ఇంట్లో టిఫిన్ డబ్బా కట్టుకుని, ఆటోవాడితో రెండు రూపాయల కోసం పోట్లాడి, శంకర్ నగర్‌లోని నర్సింగ్ కాలేజీకి చేరేది. క్లాసు తలుపు దగ్గర అట్టపెట్టె ఉంటుంది. అందులోంచి పిల్లలు తలా ఒక క్లిక్కర్ తీసుకుంటారు. టీవీ రిమోట్‌కి చెల్లెల్లాంటి వస్తువది. తెర మీద ప్రశ్న పడుతుంది, కింద నాలుగు జవాబులు. పిల్లలు నొక్కుతారు, రంగు కడ్డీలు పైకి లేస్తాయి. ఏ కడ్డీ పొడుగైతే అదే నిజమవుతుంది.

అవును, నిజమే అవుతుంది. క్లిక్కర్లు వచ్చినప్పటి నుంచీ ఆ గదికి ఆ గుణం ఉంది. ఒకసారి వేరే మేడమ్ క్లాసులో కాలేయం ఎడమవైపని ఎక్కువమంది నొక్కితే, ల్యాబులో బొమ్మ కాలేయం కాస్తా ఎడమకి జరిగి కూర్చుంది. ప్రిన్సిపాల్ రాజశ్రీ గారు వచ్చి చూసి, పేరు చీటీ అటువైపు అంటించమని చెప్పి వెళ్ళిపోయారు. వాచ్‌మన్ శివాజీ జ్వరాన్ని కేసుగా పెడితే, టైఫాయిడ్ కాదు మామూలు జ్వరమేనని పిల్లలు తేల్చారు. మర్నాడు శివాజీ గేటు దగ్గర నిలబడి అందరికీ నమస్తేలు పెట్టాడు.

షరతులు లేకపోలేదు. ఫలానాది నొక్కండని టీచరు చెప్పి నొక్కిస్తే కడ్డీలు లేవవు, పిల్లలు నమ్మిందే నొక్కాలి. ఒక ప్రశ్న ఒక్కసారే. టీచరుకి క్లిక్కర్ ఇవ్వరు.

తన క్లాసులో తప్పు జవాబు గెలవదని గ్లోరీకి ఎంత గొప్పో! ఆ గొప్పే ఇప్పుడు ఆమెకి అడ్డం పడింది.

ఆమె భర్త ఏలియా రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఈమధ్య కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద. ప్యాంటు నడుం దగ్గర నిలవడం లేదు. నొప్పి మాత్రం లేదు. "నొప్పి లేదుగా, ఇంకెందుకు బెంగ" అని చుట్టాలందరూ ధైర్యం చెప్పారు. గ్లోరీ భయమంతా ఆ నొప్పి లేకపోవడం గురించే. స్కాన్ రిపోర్టు రేపు వస్తుంది.

అది వచ్చేలోపు ఈ కేసు క్లాసులో పెట్టాలి. పిత్తనాళంలో రాయి అని పిల్లలు నొక్కితే రాయే అవుతుంది, తీసేస్తారు, ఇంటికొచ్చేస్తాడు. క్లోమంలో క్యాన్సర్ గడ్డ అని నొక్కితే... అక్కడికొచ్చేసరికి ఆమె బుర్ర పనిచేయడం మానేసేది.

అందుకని వారమంతా పాఠం చెడగొట్టింది. రాయి ఉన్నా నొప్పి రాదని, చాలామందిలో అంతేనని, బోర్డువైపు తిరిగి చెప్పింది. పిల్లల మొహాలు చూసి చెప్పలేకపోయింది. "ప్రభువా, నన్ను క్షమించు" అని స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అనుకుందో!

ఒక్క బిందుమాధవి మాత్రం ఆ పాఠాలు వినలేదు. తిల్దా ఊళ్ళో రైస్‌మిల్లులో పనిచేసే కోటయ్య కూతురది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్యా నలిగి ఏ ప్రశ్నకీ సరైన జవాబు నొక్కి ఎరగదు. వానాకాలమంతా గ్లోరీ దాన్ని ఇంటికి రప్పించుకుని తెలుగులో చెప్పింది. తను వంటింట్లో ఉంటే ఏలియా పాఠం అప్పజెప్పించుకునేవాడు. 

"అరే బిందూ, ఇంత సింపులు! రాయి హారన్ కొట్టుకుంటూ వస్తది, గడ్డ హారన్ కొట్టకుండా వస్తది. కామెర్లలో నొప్పుందా లేదా చూసుకో, బస్!"

తర్వాత తన కళ్ళే పచ్చబడ్డప్పుడు అద్దంలో చూసుకుని, "హారన్ వినపడలేదే గ్లోరీ" అని నవ్వాడు ఆయన.

బిందుమాధవి అమ్మవారు పోసి ఈ వారమంతా తిల్దాలో ఉండిపోయింది. పాపం అనుకోవాల్సింది పోయి, హమ్మయ్య అనుకుంది గ్లోరీ. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇవాళ ప్రశ్న పెట్టింది. పెద్దవయసు మగమనిషి, కామెర్లు, దురద, బరువు తగ్గాడు, నొప్పి లేదు. కారణమేమిటి? పేరు రాయలేదు. ఎవరి సంగతో గదికి తెలుసు.

సగంమంది మేడమ్‌ని నమ్మారు, సగంమంది పుస్తకాన్ని నమ్మారు. రాయి కడ్డీ, గడ్డ కడ్డీ పోటీపడి లేచి, చివరికి సమానంగా ఆగాయి. సమానమైతే ఏదీ కాదు, ప్రశ్నే రద్దు. అదీ మేలే. కాసేపట్లో టైమైపోతుంది. గ్లోరీ బల్ల అంచు పట్టుకుంది.

"మే ఐ కమిన్ మేడమ్?"

మొహం నిండా ఎండిన మచ్చలతో బిందుమాధవి. అప్పటికే చేతిలో క్లిక్కర్ ఉంది, కళ్ళు తెరమీదున్నాయి.

"కూర్చో బిందూ. నువ్వు ఈ క్లాసులు వినలేదుగా. దీనికి నొక్కకమ్మా."

"లేదు మేడమ్, ఇది నాకొచ్చు!"

"నొక్కకన్నానా!"

ఎప్పుడూ గొంతెత్తని మేడమ్ అరిచేసరికి క్లాసు బిత్తరపోయింది. కానీ పిల్ల వేలు అప్పటికే దిగిపోయింది. గడ్డ కడ్డీ పక్కదానికంటే రవ్వంత పైకి లేచి ఆగింది. టైమైపోయింది.

"తప్పా మేడమ్?" అంది బిందుమాధవి, ఏడుపు మొహంతో.

తప్పని చెప్పినా కడ్డీ దిగదు. పిల్ల మాత్రం ఇంకెప్పుడూ వేలు ఎత్తదు.

"కాదు. కరెక్టే. శభాష్."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. బిందుమాధవి ఎగిరి గంతేసింది. "అంకుల్ చెప్పిందే మేడమ్! నాకు కరెక్ట్ వచ్చిందని అంకుల్‌కి చెప్పండి, ప్లీజ్!"

సాయంత్రం ఏలియా గుమ్మంలో కూర్చుని చేతులు గోక్కుంటున్నాడు. గ్లోరీ చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూలబడింది.

"బిందుకి ఇవాళ జవాబు కరెక్ట్ వచ్చిందండీ."

"అరే వా! ఏ ప్రశ్నకి?"

"మీరు నేర్పిందే. హారన్ ప్రశ్న."

గోకడం ఆగింది. ఆ గది సంగతి ఆయనకీ తెలుసు. పచ్చటి కళ్ళతో భార్యవైపు తిరిగాడు.

"పిల్ల సంతోషపడిందా?"

గ్లోరీ తలూపింది. ఇక ఆపుకోలేక ఆయన భుజం మీద పడి ఏడ్చింది.

"ఏడవకే పిచ్చిదానా" అన్నాడు ఏలియా, ఆమె వీపు నిమురుతూ. "రేపు రిపోర్టు తెచ్చుకుని వస్తూ దానికి జిలేబీ తీసుకుందాం."